పోసిన లెక్క లేని పట్టిక

బాల్తసార్ కెలొపానా తన జన్మలో స్లాట్ మెషిన్‌లో ఒక్క సోల్ నాణెం కూడా వెయ్యలేదు. అయినా ఆ యంత్రాల గుట్టు తాక్నా ఊరు మొత్తమ్మీద ఆయనకొక్కడికే తెలుసని జనం నమ్మారు. గట్టున కూర్చున్నవాణ్ని చూసి ఈత గురువనుకునే జనం ఎక్కడైనా ఉంటారు గానీ, మా ఊళ్లో మరీ ఎక్కువ.

గవియోతా అనే ఆటల హాల్లో నేను పద్నాలుగేళ్లు పనిచేశాను. నోట్లకు చిల్లర ఇవ్వడం, మెషిన్‌లో ఇరుక్కున్న కాగితాలు లాగడం, ఎవరికైనా పెద్ద మొత్తం తగిలితే గంట కొట్టి నెత్తిన రంగుకాగితాలు చల్లడం నా ఉద్యోగం. గోడ వారగా పన్నెండు మెషిన్లు ఒకే గొలుసుగా కలిపి ఉండేవి. ఎవరు ఎందులో ఆడినా ప్రతి ఆటలోంచి చిటికెడు పైనున్న ఎర్ర అంకెల బోర్డులోకి పోయేది. ఆ మొత్తాన్ని మా దగ్గర బావి అంటారు. నెలల తరబడి అందరూ పోస్తారు. ఏదో ఒకనాడు ఒక్కరికి పొంగుతుంది. పొంగిన మర్నాడు యజమాని అడుగున ఐదు వేలు పోసి అంకెల్ని మళ్లీ మొదలుపెడతాడు.

బాల్తసార్ కస్టమ్స్ ఆఫీసులో గణాంకాల విభాగంలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి దిగిపోయిన మనిషి. సరిహద్దు దాటి పోయే పాతబట్టల మూటల్ని గీతలు గీసి లెక్కపెట్టడమే ఆయన చేసిన పని. రిటైరయ్యాక లెక్కపెట్టడానికి మూటలు లేక మా హాలుకు రావడం మొదలుపెట్టాడు. బావి పొంగిన ప్రతిసారీ తేదీ, గంట, మొత్తం, మెషిన్ నంబరు, చివరికి ఆనాటి చంద్రుడు ఎంత ఉన్నాడో కూడా నల్లట్ట పుస్తకంలో రాసేవాడు. పదకొండేళ్లలో పందొమ్మిదిసార్లు పొంగింది. వాటిని పట్టికగా కట్టి, జిరాక్స్ తీయించి, ఐదు సోళ్లకొకటి అమ్మేవాడు. జనం ఆయన్ని ప్రొఫెసర్ అనేవాళ్లు. మా మేనేజర్ ఉగార్తె ఆయనకు కిటికీ పక్కన ఒక కుర్చీ వేయించి, రోజూ కాఫీ, పందిమాంసం పెట్టిన రొట్టె ఉచితంగా ఇప్పించేవాడు. తాను ఆటల హాలు గుట్టు బయటపెడుతున్నానని ప్రొఫెసర్ అనుకునేవాడు. ఆ హాలు తన చేత రొట్టె ఎందుకు తినిపిస్తోందో ఆలోచించే తీరిక పాపం ఆయనకు లేకపోయింది.

పట్టికలో పందొమ్మిదికి బదులు పదిహేనే ఉండేవి. ఒకసారి అడిగాను.

"దోన్ బాల్తసార్, ఏడు వేలకొకసారి పొంగింది కదా? పన్నెండు వేలకింకోసారి. అవేవీ?"

"అవి మినహాయింపులమ్మా," అన్నాడు కాఫీ ఊదుకుంటూ. "శాస్త్రంలో ముందు చెత్త ఏరేస్తాం."

"ఆ నాలుగింటికీ గంట కొట్టింది నేనే. గెలిచినవాళ్లెవరూ చెత్త అన్లేదు మరి."

"గంట కొట్టడం వేరు, అర్థం చేసుకోవడం వేరు," అన్నాడు.

ఆ నాలుగూ తీసేశాక మిగిలినవన్నీ ముప్పై వేలు దాటినవే. దాంతో పట్టిక కింద ఎర్ర సిరాతో ఒక సూత్రం రాశాడు: ముప్పై వేల లోపు బావి పొంగదు. తనే ఏరిపారేసి, మిగిలినదాంట్లో తనే కనిపెట్టాడు. అదీ ఆయన శాస్త్రం.

ఆయన శిష్యుల్లో మొదటివాడు ఫిదేల్ మమానీ. ఇరవై ఎనిమిదేళ్లు తాక్నా నుంచి సరిహద్దవతల అరికాకు సర్వీసు కారు నడిపాడు. మోకాలు అరిగాక కారు అమ్మేశాడు. పెద్ద మార్కెట్లో ఆయన భార్య ఎదెల్మీరాకు ఆలివ్‌కాయల కొట్టు ఉంది. కొట్లో సాయం చేస్తానని ఇంట్లోంచి బయల్దేరి దారిలో మా హాల్లో ఆగిపోయేవాడు. పట్టికను నాలుగు మడతలు పెట్టి చొక్కాజేబులో దాచుకుని, బోర్డు ముప్పై వేలు దాటగానే ఏడో నంబరు మెషిన్ ముందు అతుక్కుపోయేవాడు. ఏడే ఎందుకంటే పట్టికలో ఏడు నాలుగుసార్లుంది.

ఒకనాడు ఉతికే బట్టల్లో ఆ కాగితం దొరికి, ఎదెల్మీరా దాన్ని పట్టుకుని మా హాలుకొచ్చింది. పొట్టి మనిషి, ఉప్పునీళ్లకు చేతులు పాలిపోయి ఉన్నాయి. కిటికీ దగ్గరికెళ్లి కాగితం ప్రొఫెసర్ ముందు పెట్టింది.

"ఇది మీరు రాసిందేనా?"

"నేనే సెన్యోరా. పదకొండేళ్ల శ్రమ."

"బాగానే ఉంది. ఎంత బయటికొచ్చిందో రాశారు. లోపలికి ఎంత పోశారో ఆ వరస ఏదీ?"

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీశాడు. "పోసిన లెక్కా? అది నా విభాగం కాదు. కస్టమ్స్‌లో కూడా దిగుమతులు కింది అంతస్తు, ఎగుమతులు పై అంతస్తు. నేను పై అంతస్తు మనిషిని."

"నా కొట్లో ఒకటే అంతస్తు," అంది ఆమె. "పీపా ఎంతకు కొన్నానో తెలీకుండా కాయలు ఎంతకమ్మానో చెప్పుకుని మురిస్తే, నన్ను పిచ్చిదంటారు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఫిదేల్ మాత్రం తల వంచుకుని, "ఏమే, అందరి ముందూ నా పరువు తియ్యకే," అన్నాడు.

"పరువా? అది కూడా ఏడో నంబర్లో వేశావనుకున్నాను."

మర్నాడు పొద్దున పదింటికి మేం తలుపులు తీయగానే ఎదెల్మీరా వచ్చింది. హాల్లో నేనూ, తుడిచే ఆవిడా తప్ప ఎవరూ లేరు. వంద సోళ్లు నా చేతిలో పెట్టి అంది:

"అమ్మాయ్ నెలిదా, ఇవాళ నేనాడతాను. ఇంకెవర్నీ కాసేపు ఆ పన్నెండిట్లో కూచోనివ్వకు. బోర్డు మీద అంకె ఎంతుందో నువ్వు కూడా చూసి గుర్తుపెట్టుకో."

ఆటకు ఒక సోల్ చొప్పున వంద ఆటలు ఆడింది. కాయలు ఏరినట్టు, ముఖంలో ఏ భావమూ లేకుండా మీట నొక్కుకుంటూ పోయింది. మధ్యలో చిన్న చిన్నవి తగిలితే వాటితోనే ఆడింది. వందో ఆట అయ్యాక లేచి బోర్డు చూసింది. సరిగ్గా ఒక్క సోల్ పెరిగింది.

"నూటికి ఒకటి బావిలోకి. నా చేతిలో ఎనభై ఎనిమిదున్నాయి. మిగతావి?"

నేను చెప్పకూడదు. కానీ ఆ చేతులు చూసి చెప్పేశాను. "రోజూ కౌంటర్ మూసేటప్పుడు నేను చూస్తాను కదక్కా. ఒకరోజు అటూ ఇటూ అయినా నెల మీద చూస్తే ఒకటే. నూరు ఆడితే తొంభై చిన్నాచితకా బహుమతులుగా వెనక్కొస్తాయి. ఒకటి బావిలోకి. తొమ్మిది యజమానికి."

"అంటే బోర్డు మీద ఒక సోల్ పెరిగిందంటే తొమ్మిది ఆయన జేబులోకి చేరినట్టు."

"అంతే."

"మరి ఏ రోజు పొంగుతుందో ఆ మెషిన్‌కి ముందే తెలుసా?"

"దానికి నిన్నటి సంగతి గుర్తుండదక్కా. మీట నొక్కిన ప్రతిసారీ కొత్తగా చీటీ తీసినట్టే. ఇప్పుడు నువ్వు నొక్కినా పొంగొచ్చు. పదేళ్లు నొక్కినా పొంగకపోవచ్చు."

ఆమె కొట్లో ధరలు రాసే లావుపాటి పెన్ను తీసి, ప్రొఫెసర్ పట్టిక పక్కనే కొత్త వరస గీసింది. తీసేసిన నాలుగూ నన్నడిగి కలిపింది. నలభై ఏడు వేలకు పొంగిన బావి ఎదురుగా ఇలా రాసింది: అడుగు ఐదు వేలు పోను పెరిగింది నలభై రెండు వేలు. ఆడింది నలభై రెండు లక్షలు. యజమానికి మిగిలింది మూడు లక్షల డెబ్భై ఎనిమిది వేలు. అలాగే పందొమ్మిదికీ రాసింది. పదకొండేళ్ల కాగితాలన్నీ చెప్పేది ఆ ఒక్క సంగతే. దాన్ని పట్టుకోవడానికి ఒక పొద్దుటిపూట చాలింది. అది ప్రొఫెసర్‌కు పదకొండేళ్లయినా దొరకలేదు. జీతం తీసుకుంటూ అక్కడే నిలబడ్డ నాకు తెలిసి కూడా నోరు పెగల్లేదు. నేను ప్రొఫెసర్ని తలుచుకుని నవ్వుతుంటే ఎదెల్మీరా ఒకటే మాటంది:

"నువ్వు నవ్వకు నెలిదా. నీ జీతం ఆ తొమ్మిదిలోంచే."

నేను చిల్లర సొరుగు సర్దుకోవడానికి వెళ్లాను.

ఆ సాయంత్రం హాలు నిండుగా ఉన్నప్పుడు ఆమె వరసంతా గట్టిగా చదివి వినిపించింది. గగ్గోలు పుడుతుందని, కుర్చీలు ఖాళీ అవుతాయని అనుకున్నాను. పద్నాలుగేళ్లు ఆ జనాన్ని చూసి కూడా అనుకున్నాను! చెప్పుల కొట్టు నడిపే ఒక పెద్దమనిషి గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"అమ్మో, ఇప్పటికే ఇన్ని లక్షలు పోసేశామా! అయితే ఇంక పొంగక చస్తుందా?"

అంతే. అందరికీ హుషారొచ్చింది. ఆ పూట మామూలు కన్నా ఎక్కువ ఆడారు.

ఈ సంగతి మేనేజర్ ఉగార్తెకు చెబుతూ నేను కొంచెం భయపడ్డాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ కాగితం తెచ్చి గోడకు అంటించు నెలిదా. నిజం చెప్తే జనం పారిపోతారని ఎవరు చెప్పారు నీకు?"

నిజంగానే అంటించాను, మరుగుదొడ్డి తలుపు పక్కన. క్యూలో నిలబడి దానికి వీపు ఆనించుకునేవాళ్లు. చదివినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు.

ఆ ఏడు బావి అరవై వేలు దాటింది. అంతకు ముందెన్నడూ అంత లేదు. అరికా నుంచి కూడా జనం వచ్చిపడ్డారు. ఒక బుధవారం ప్రొఫెసర్ తన కుర్చీ మీద లేచి నిలబడి, చంద్రుణ్నీ సగటునూ కలిపి ఏదో గుణించి ప్రకటించాడు: "ఆదివారం మధ్యాహ్నం లోపు. ఏడో నంబరు."

గురువారం, శుక్రవారం, శనివారం ఫిదేల్ ఏడో నంబరు ముందు నుంచి కదల్లేదు. తిండి కూడా అక్కడే. కొత్త పంటకు యరాదా తోటల్లో కాయలు కొనడానికి ఎదెల్మీరా కూడబెట్టిన డబ్బు డబ్బాలోంచి తీసుకొచ్చాడు. నా దగ్గరే చిల్లర మార్చుకున్నాడు. మార్చింది నేనే.

శనివారం నాలుగింటికి రెండో నంబరు మెషిన్‌కి పొంగింది.

అక్కడ కూర్చున్నది అరికా నుంచి పళ్లు కట్టించుకోవడానికి వచ్చిన ఒక చిలీ ఆవిడ. పక్క సందులో దంతవైద్యుడు మత్తుసూది వేసి, పన్ను తయారయ్యేదాకా ముప్పావుగంట తిరిగి రమ్మన్నాడట. ఎండకు తట్టుకోలేక లోపలికొచ్చి పది సోళ్లు వేసింది. బోర్డు వెలిగి, గంటలు మోగి, అరవై నాలుగు వేల మూడు వందలు ఆమె పేర పడితే ఆ మహాతల్లికి అరవడానికి నోరు రాలేదు. పెదవి ఒక పక్కకు వేలాడిపోయి, "ఆవ్... ఆవ్..." అంటూ నా చెయ్యి గుంజింది. నేను ఆమె గడ్డం తుడిచి, నెత్తిన రంగుకాగితాలు చల్లాను. ఆమె పట్టిక కొనలేదు. బావి అనే మాటే ఆమెకు తెలియదు.

అందరూ ప్రొఫెసర్ వంక తిరిగారు. ఇప్పుడైనా ముఖం చెల్లక లేచిపోతాడనుకున్నాను. ఆయన గడియారం చూసి, పుస్తకంలో రాసుకుని, తీరిగ్గా తల ఎత్తాడు.

"నేనేమన్నాను? ఆదివారం లోపు! ఇవాళేం వారం?"

"శనివారం!" అన్నారు జనం.

"అదీ లెక్క!"

చప్పట్లు కొట్టారు. ఒట్టేసి చెబుతున్నాను, చప్పట్లు కొట్టారు. ఏడు రెండైన సంగతి ఎవరికీ పట్టలేదు. సోమవారం నుంచి పట్టిక ధర పది సోళ్లయింది.

కబురు తెలిసి ఎదెల్మీరా కొట్టు మూసేసి వచ్చింది. ఫిదేల్ ఇంకా ఏడో నంబరు ముందే ఉన్నాడు.

"ఎంత?" అంది.

"రెండు వేల మూడొందలు."

ఆమె పక్క కుర్చీలో కూలబడింది. అలా కూర్చోవడం నేను ఆసుపత్రి వరండాల్లో చూశాను గానీ ఆటల హాల్లో చూడలేదు. భుజాల మీది శాలువా అంచుతో మొహం తుడుచుకుంది.

"యరాదా వాళ్లకి ఏం చెప్పమంటావు? ఈ ఏడు కాయల్లేకుండా నన్ను ఏం అమ్మమంటావు?"

"బాధపడకే," అన్నాడు ఫిదేల్. గొంతులో భక్తి అలాగే ఉంది. "ప్రొఫెసర్ చెప్పినట్టే జరిగిందిగా. మెషినే కాస్త తప్పింది. ఇంక నేను ముప్పై వేలు దాటేదాకా ఇటు రానే రాను. వచ్చి లాభం లేదు, పట్టికలో స్పష్టంగా ఉంది. నాలుగైదు నెలలు కొట్లోనే ఉంటాలే."

ఎదెల్మీరా తల తిప్పి మొగుణ్ని చూసింది. ఇరవై రోజులు లెక్కలు చెప్పి, తిట్టి, ఏడ్చి ఆమె చేయలేని పని ఆ ఐదు సోళ్ల చెత్తకాగితం చేస్తోంది. ఆ సంగతి ఆమె బుర్రలో దిగడం నా కళ్లతో చూశాను.

సోమవారం ఆమె ప్రొఫెసర్ దగ్గరికి పచ్చి ఆలివ్‌కాయల సీసా పట్టుకుని వచ్చింది.

"ప్రొఫెసర్ గారూ, మొన్న తెలీక ఏదో వాగాను. మనసులో పెట్టుకోకండి."

"అబ్బే, ఫరవాలేదు సెన్యోరా. శాస్త్రం ఎవరి మీదా కోపగించుకోదు."

"ఒక అనుమానం. ఆఖరి మూడుసార్లూ ముప్పై ఎనిమిది, నలభై ఏడు, అరవై నాలుగు కదా. నాకు చదువు లేదు. ఆ లెక్కన వచ్చేసారి..."

వాక్యం పూర్తిచేయకుండా వదిలేసింది. ఎరను నీళ్లలో అలాగే వదులుతారు. ప్రొఫెసర్ పెన్సిల్ తీశాడు. గీత గీశాడు. గీత పైకి పోయింది.

"ఎనభై!" అన్నాడు గుసగుసగా. "సెన్యోరా, ఎనభై దాటుతుంది!"

"అయ్యో, మరి ముప్పై దగ్గర్నుంచే కూచునేవాళ్లు డబ్బు దండగ చేసుకుంటున్నట్టే కదండీ?"

"దండగే! పాతకాలపు గీత అది. ఇప్పుడు డెబ్భై వేల లోపు ఆడటం శుద్ధ మూర్ఖత్వం."

"ఎంత బాగా కనిపెట్టారండీ," అంది ఎదెల్మీరా.

వారంలో కొత్త పట్టిక వచ్చింది. ఎర్ర సిరాతో: డెబ్భై వేల లోపు బావి పొంగదు. జనం ఎగబడి కొన్నారు. కొని, బుద్ధిగా ఇళ్లకు పోయారు.

ఆపైన జరిగింది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బావి నిండేది ఆడేవాళ్ల సొమ్ముతోనే కదా. డెబ్భై వేలయ్యాక ఆడదామని అందరూ ఆగితే అది డెబ్భై వేలు ఎక్కణ్నుంచి అవుతుంది? రోజుకు నూట అరవై చొప్పున పెరిగే అంకె ముప్పైకి, ఇరవైకి పడింది. రోజూ ఎవరో ఒకరు తలుపు దగ్గర నుంచి బోర్డు చూసి, "ఇంకా టైముంది," అని వెళ్లిపోయేవాళ్లు. పన్నెండు మెషిన్లూ బోసిపోయి తమలో తాము పాటలు పాడుకునేవి. తుడిచే ఆవిడకు తుడవడానికి ఏమీ లేక కిటికీ దగ్గర అల్లిక పెట్టుకుంది.

నిజం చెబితే నవ్విన ఉగార్తె అబద్ధం చూసి వణికిపోయాడు. మూడో నెల ప్రొఫెసర్ రొట్టె ఆపించాడు. నాలుగో నెల ఆయన మీదికి వెళ్లాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, నా కొంప ముంచావు కదయ్యా! డెబ్భై లోపు పొంగదని నీకెవరు చెప్పారు? ఏడు వేలకు పొంగలేదూ? పన్నెండు వేలకు పొంగలేదూ? రాయి అవి!"

"అవి మినహాయింపులు," అన్నాడు ప్రొఫెసర్ గంభీరంగా.

"మినహాయింపులు కాదయ్యా, అవి కూడా నిజమే! నెలిదా, చెప్పు, నువ్వే కదా గంట కొట్టావు!"

ఆ రోజు నా ఉద్యోగంలోకెల్లా ఆనందంగా ఊరుకున్న రోజు. "నాకు గుర్తులేదు సార్," అన్నాను.

చివరికి శాస్త్రం ధర నెలకు మూడు వందల సోళ్లుగా తేలింది. కుర్చీకి మెత్త కూడా వేయించారు. ప్రొఫెసర్ ఆ నాలుగు మినహాయింపులనూ బయటికి తీసి, దులిపి, మూడో పట్టిక వేశాడు: బావి ఎప్పుడైనా పొంగవచ్చు. ఆయన జీవితంలో రాసిన ఒకే ఒక్క నిజం అది. డబ్బిస్తే గాని రాయలేదు. నెల తిరక్కుండా హాలు మళ్లీ కిక్కిరిసింది. నేను మాత్రం ఆ ఏడాది చివర పక్క సందులో దంతవైద్యుడి దగ్గర పనికి చేరాను. ఆదర్శమేమీ లేదు, జీతం రెండు వందలు ఎక్కువ.

జనమంతా తిరిగొచ్చినా ఫిదేల్ రాలేదు. మూడో పట్టిక చూసి చించేశాడు.

"అమ్ముడుపోయాడు ప్రొఫెసర్," అన్నాడు నాతో, కంట నీరు పెట్టుకున్నంత పనిచేసి. "రెండో పట్టిక రాసినప్పుడు మనిషి ఎంత స్వచ్ఛంగా ఉండేవాడు!"

మొన్న మార్కెట్‌కి వెళ్తే కొట్లో ఎదెల్మీరా ఒక్కతే ఉంది. కొత్త పీపాలు రెండు వచ్చాయి. ఆ మొదటి ఏడు అప్పుచేసి సగం కాయలే కొన్నామని, ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నామని చెప్పింది. ఇంతలో ఫిదేల్ కుంటుకుంటూ వచ్చాడు. రోజూ పొద్దున గవియోతా తలుపు దగ్గర ఆగి బోర్డు చూసి రావడం ఆయనకు అలవాటు.

"ముప్పై రెండు వేలే," అన్నాడు ఏప్రన్ కట్టుకుంటూ. "లోపల చూడాలి, నిండా జనం. ముప్పై రెండుకే ఎగబడి పోస్తున్నారు, లెక్కలు తెలియని దద్దమ్మలు!"

"అవును పాపం," అంది ఎదెల్మీరా నా వైపు చూడకుండా. "ఆ నల్లకాయలు కిలో తూచు. కాయలకొచ్చిన సెన్యోరా ఇందాకట్నుంచి నిలబడి ఉంది."